ఎదుటివైపు ఉత్తరం

నలభై మూడో కవరు కోస్తూ ఉండగా అతనికి ఖాయమైపోయింది. ఈ గురువారం ఆ ఉత్తరం రాలేదు.

కోసిన కవర్లన్నీ మళ్లీ ఒకసారి తిరగేశాడు. చెత్తబుట్టలోకి తొంగి చూశాడు. బల్ల కిందకి జారిందేమోనని కుర్చీ వెనక్కి జరిపి, మోకాలు పట్టేస్తున్నా వంగి వెతికాడు. లేదు. ఆరు వారాలుగా గురువారం తప్పకుండా వచ్చిన ఉత్తరం ఏడో వారం రాలేదు. నిటారుగా కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు. గుండెల మీద నుంచి బరువు దించినట్టనిపించింది. ఆ వెంటనే, బరువు దిగినందుకు సిగ్గేసింది.

ఆ పత్రిక ఆఫీసులో అతన్ని అందరూ ఉత్తరాలాయన అంటారు. పాఠకుల ఉత్తరాలు విప్పడం, చదవడం, ఏరడం, కత్తిరించడం అతని పని. యాభై ఏడేళ్ల మనిషి. ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త కిందకి ఉంటుంది. ఇరవై ఆరేళ్లు ఒకే బల్ల మీద ఒకే పక్కకి ఒరిగి కూర్చుంటే ఎవరికైనా అంతే. కుడి బొటనవేలి మీద కవర్లు కోసే చాకు రాసుకుని కాయ కాసింది. వేళ్ల సందుల్లో ఎప్పుడూ జిగురు. ఇంటికెళ్లి సబ్బుతో తోముకున్నా అన్నం కలుపుకునేటప్పుడు ఆ జిగురు వాసన వస్తుందని అతని భార్య అంటుంది.

కింది అంతస్తులో మెట్ల పక్కనే అతని గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఇనుప అల్మరా. కిటికీ తెరిస్తే పార్సిళ్ల వ్యాను వెనకభాగం తప్ప ఇంకేమీ కనిపించదు. పైనున్న సంపాదకవర్గం కిందకి దిగేది చాలా తక్కువ. ఆయనుండగా మనకెందుకు అని వాళ్ల ధీమా. అతను ఏరి పంపిన ఉత్తరాల్లో ఇంతవరకు ఒక్కదానివల్లా తలనొప్పి రాలేదు.

అన్నింటికంటే అతనికి పేరు తెచ్చింది 'మరో మాట'. అభిప్రాయాల పేజీలో కుడివైపు అడుగున చిన్న పెట్టె. పత్రిక రాసినదానికి ఎదురు రాసిన పాఠకుడి ఉత్తరం వారానికొకటి అందులో వేస్తారు. మేము అన్ని గొంతులూ వినిపిస్తాం అని చెప్పుకోవడానికి. చేరిన కొత్తలో అప్పటి పేజీ ఇన్‌చార్జి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కిటుకు చెప్పాడు. ఎదుటివాడి ఉత్తరం వేయాలి, తప్పదు. కానీ వచ్చినవాటిలో బాగా రాసినది కాదు, బాగా తిట్టినది వేయాలి. తలాతోకా లేనిది, పళ్లు నూరేది, చదివినవాడు నవ్వుకుని ఆ పక్షమంతా ఇంతే కాబోలు అనుకునేది. అతను ఇట్టే పట్టేశాడు. వందలో అలాంటిదాన్ని వాసన చూసి తీసేవాడు.

ఇందులో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అతనిది ఆ ఎదుటి పక్షమే.

సరిహద్దు అన్నాక కాపలా ఉండాలనుకునే మనిషి అతను. పదితరాలు నిలబెట్టినదాన్ని ఒక్క సమావేశంలో పడగొట్టకూడదని, పిల్లలకి మంచీచెడ్డా చెప్పాల్సింది ప్రభుత్వం కాదు ఇంట్లోవాళ్లని, వార్త వార్తలాగా ఉండి అభిప్రాయం దాని పేజీలో అది ఉండాలని అతని నమ్మకం. ఎక్కడో పరాయి దేశంలో రేగిన మంటకి వారం రోజులు మొదటి పేజీ ఇచ్చిన తమ పత్రిక, నాలుగు వీధుల అవతల ప్రార్థనా మందిరానికి ఎవరో నిప్పు పెడితే అయిదో పేజీలో వేలెడు వార్త వేసింది. ఆ రోజు అతనికి అన్నం సహించలేదు. అయినా పైకి ఏమీ అనలేదు. అనేదంతా ఇంట్లోనే. సాయంత్రం టీవీ చర్చల్లో ఎవరైనా సైనికులని వెక్కిరిస్తే తువ్వాలు విసిరికొట్టి మరీ జవాబు చెప్పేవాడు. భార్య బట్టలు మడతపెట్టుకుంటూ వినేది. ఒకరోజు తాపీగా అంది.

"టీవీలోవాళ్లకి మీ మాట వినిపించదు. వినిపించేవాళ్ల దగ్గర చెప్పండి."

అతను టీవీ కట్టేశాడు. అంతకు మించి చేయగలిగింది లేకపోయింది.

బల్ల కింది సొరుగు కాస్త లాగి చూశాడు. ఆరు ఉత్తరాలూ ఉన్నాయి. రాసింది ఒక దర్జీ. ఛాతీ, నడుము, చేయి పొడుగు అని అచ్చేసిన కొలతల కాగితాల వెనక, నీలం సుద్ద పొడి అంటుకున్న వేళ్లతో రాశాడు. ఏడు వారాల కిందట సరిహద్దులో ఒక చౌకీ మీద దాడి జరిగి పదకొండు మంది సైనికులు చనిపోయారు. పత్రిక సంపాదకీయం వాళ్లవి వృథాగా పోయిన ప్రాణాలు అంది. మొదటి ఉత్తరం అతనికి కంఠతా వచ్చు.

'అయ్యా, ఆ పదకొండు మందిలో ఒకడు మా అబ్బాయి. యుద్ధం తప్పో ఒప్పో చదువుకున్నవారు మీరు రాసుకోవచ్చు, నేను అడ్డం రాను. మావాళ్లు ఆ రాత్రి తెల్లారేదాకా నిలబడ్డారు కాబట్టి వెనకనున్న ఊరు ఊరంతా పిల్లలతో సహా లేచి వెళ్లిపోగలిగింది. ఆ సంగతి మీ పత్రికలోనే మూడో పేజీలో ఉంది. అందుకని వృథా అన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకోండి. మా వాడి పేరు వేయనక్కరలేదు.'

తిట్టు లేదు, ఏడుపు లేదు. మళ్లీ వారం మళ్లీ వచ్చింది, ఒక వాక్యం తగ్గి. ఆపై వారం ఇంకొకటి తగ్గింది. కొలతకి మించిన గుడ్డ కత్తిరించినట్టు తగ్గించుకుంటూ వచ్చాడు. ఆరో ఉత్తరంలో రెండే వాక్యాలు. ఆరింటికీ ఉత్తరాలాయన 'స్థలాభావం వల్ల ప్రచురించలేకపోతున్నాం' అని అచ్చేసిన కార్డు పంపాడు. చింపి పారేయడానికి మాత్రం చేతులు రాలేదు.

పదకొండు గంటలకి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఇప్పటి పేజీ ఇన్‌చార్జి దిగొచ్చింది. రెండు నెలల కిందటే ఆ కుర్చీలోకి వచ్చింది. పదేళ్ల కిందట ఉద్యోగం నేర్చుకోవడానికి వచ్చినప్పుడు ఉత్తరం అర్థం చెడకుండా ఎలా కుదించాలో నేర్పింది ఇతనే. అప్పటి నుంచీ బాబాయ్ అంటుంది.

"బాబాయ్, రేపటి మరో మాటకి ఏముంది? సరిహద్దు సంగతి మీద మనకి ఎదురు రాసినవాళ్లున్నారా?"

"లేకేం. గంపెడున్నాయి."

"ఎప్పుడూ వేసేలాంటిది వద్దు." ఆమె రెండో కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ పెట్టె చదువుతుంటే నాకే సిగ్గుగా ఉంటోంది. నేను వాళ్లతో ఏకీభవించను, అది వేరే. కానీ అటువైపు ఒక్క బుర్రున్న మనిషీ లేడా? చదివితే మన ఎడిటర్ సార్‌కి కాస్త గుచ్చుకోవాలి. అలాంటిది ఉంటే ఇవ్వండి, వేద్దాం."

సొరుగు అంచు అతని మోకాలికి తగులుతోంది. చేయి కిందకి పోతే చాలు.

పోలేదు. చాలా ఏళ్ల కిందట విదేశీ వార్తల్లో పనిచేసే ఒకతను భోజనాల దగ్గర, అటువాళ్లు చెప్పేదాంట్లోనూ న్యాయముంది అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. నెల తిరక్కుండా అతని బల్ల వరండా చివరికి మారింది. అతని పక్కన కూర్చుని తినేవాళ్లు కరువయ్యారు. అది గుర్తొచ్చింది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. ఉత్తరం తీసిస్తే ఎప్పుడొచ్చింది బాబాయ్ అంటుంది. ఆరు వారాలు దాచిన చేతిని ఆమె ముందు ఎలా చాపాలి?

"అలాంటిదేం లేదమ్మా. అన్నీ బూతులే."

ఆమె అతని మొహం వంక ఒక్క క్షణం చూసి నిట్టూర్చింది. ఉన్నవాటిలోనే ఒకటివ్వమంది. అతను తడుముకోకుండా తీసిచ్చాడు. ఎర్రసిరాతో, ప్రతి మాట కింద రెండేసి గీతలతో, సంపాదకుణ్ణి రాకెట్టుకి కట్టి శత్రుదేశంలోకి వదలాలని, ఆయన చేత వార్తలు చదివి వినిపించడమే అక్కడివాళ్లకి తగిన శిక్ష అని రాసిన ఉత్తరం. ఆమె చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. మళ్లీ తనే చిన్నబుచ్చుకుని కాగితం మడిచి పైకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీనులో ఆ ఉత్తరం అప్పుడే అందరి నోళ్లలోనూ నానుతోంది. ఒకతను లేచి నిలబడి, చెంచా తుపాకీలా పట్టుకుని, అందులో వాక్యాలు అభినయించాడు. దేశం, ధర్మం అన్నవాడల్లా ఇలా నోట్లోంచి నురగ కక్కుతాడేమిట్రా అని ఇంకొకరన్నారు. బల్ల బల్లంతా విరగబడి నవ్వింది. ఉత్తరాలాయనా నవ్వాడు. ఇన్నేళ్లలో ఆ నవ్వుకొక పద్ధతి ఏర్పడింది. ముందు పళ్లు, తర్వాత భుజాలు, చివర్లో చిన్న దగ్గు.

అయిదు దాటాక రిసెప్షను నుంచి ఫోను. ఉత్తరాల శాఖ కోసం ఎవరో వచ్చారట.

హాల్లో కౌంటరు ముందు ముప్పై ఏళ్లావిడ నిలబడి ఉంది. భుజానికి గుడ్డ సంచి. ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహమంతా చెమట. తాను ఫలానా దర్జీ కోడలినని చెప్పింది. అతను కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. గోడ పక్కనున్న కూజా నుంచి చల్లటి నీళ్లు గ్లాసులోకి పోసి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు, చేతులకి ఏదో ఒక పని కావాలి కనుక.

"మామయ్యగారు మంగళవారం పోయారండీ," అంది ఆమె. "నిద్రలోనే. పొద్దున్న లేపితే లేవలేదు."

అతను గ్లాసు ఆమె వైపు జరిపాడు.

ఆమె వచ్చిన పని చెప్పింది. ఆయన మీకు రాసినవాటికి నకళ్లు పెట్టుకోలేదు. ఉంటే ఇస్తే తీసుకెళ్తాను. కొడుకు గురించి ఆయన రాసినవి అవే. మా పాప పెద్దయ్యాక తండ్రి గురించి తాత ఏమనుకున్నాడో చదువుకుంటుంది.

అతను గదిలోకి వెళ్లి సొరుగు లాగి ఆరూ తీశాడు. అంచులు సరిచేసి, దారం చుట్టి, తెచ్చిచ్చాడు. ఆమె వాటిని వెంటనే సంచిలో పెట్టలేదు. పైన తేదీలు చూసింది.

"నేను పోస్టులో పోయాయేమో అనుకున్నాను. చేరాయన్నమాట."

పోస్టు మీదకి నెట్టేసే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కాగితాలు ఆమె చేతిలోనే ఉన్నాయి.

"చేరాయమ్మా. స్థలం లేక..."

"కార్డులో అదే ఉంది." ఆమె గొంతులో కోపం లేదు. "రోజూ ముందు ఆ పేజీయే విప్పేవారు. కిందటి వారం ఆ అడుగున పెట్టెలో ఎవరిదో వేశారు చూడండి, అందరినీ ఉరి తీయాలని రాసినాయనది. అది చదివి చాలాసేపు మెషీను ముందు ఊరికే కూర్చున్నారు. మనలా అనుకునేవాళ్లంతా ఇలాంటివాళ్లేనా అమ్మాయ్ అన్నారు. అయితే మనదే తప్పేమో, వాళ్లు రాసిందే నిజమేమో, వాడు ఊరికే పోయాడేమో అన్నారు. కాదు మామయ్యా అన్నాను. విన్నారో లేదో తెలీదు. మళ్లీ మీకు రాయలేదు."

అతను కౌంటరు అంచు పట్టుకున్నాడు. ఉరి తీయాలన్న ఆ ఉత్తరం బాగా గుర్తుంది. ముప్పై ఒకటి పక్కనపెట్టి దాన్ని తీశాడు. పైనుంచి ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు.

"రేపే వేయిస్తానమ్మా," అన్నాడు. "మొదటిది. ఒక్క అక్షరం తీయకుండా."

"వద్దండీ." ఆమె దారం కట్టిన కాగితాలు సంచి అడుగున భద్రంగా పెట్టుకుంది. "ఆయన చూసుకోవాలని రాశారు. ఇప్పుడు వేస్తే ఎవరు చూసుకుంటారు?"

సంచి భుజానికి వేసుకుని, వెళ్లొస్తానండీ అని మర్యాదగా చెప్పి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ఉత్తరాలాయన మెట్లెక్కాడు. ఏడాదికి రెండుసార్లు కూడా ఎక్కని మెట్లు. ఇన్‌చార్జి కంప్యూటరు ముందు నుంచి తలెత్తి, ఏంటి బాబాయ్, మీరొచ్చారు అంటూ లేవబోయింది. మరో మాటలో ఉత్తరం తీసేయాలన్నాడు. పేజీ అరగంట కిందటే ప్రెస్సుకి వెళ్లిపోయిందని చెప్పింది. అతను అక్కడి నుంచి కదల్లేదు.

"నువ్వడిగిన ఉత్తరం ఉందమ్మా," అన్నాడు. "ఆరు వారాల నుంచి ఉంది. నా సొరుగులో. చనిపోయిన సైనికుడి తండ్రిది. ఇప్పుడు ఆయనా పోయాడు. ఉత్తరాలు వాళ్ల కోడలు తీసుకెళ్లిపోయింది, ఇక వేయొద్దంది."

ఆ తర్వాత మొదటి ఉత్తరం అప్పజెప్పాడు. నిలబడి, చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. పేరు వేయనక్కరలేదు అన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి చెప్పాడు. పక్క బల్లలవాళ్లు కీబోర్డుల మీద చేతులాపి చూస్తున్నారు. మధ్యాహ్నం చెంచాతో అభినయించినతనూ ఉన్నాడు.

ఆమె ఎందుకు దాచారని అడుగుతుందనుకున్నాడు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు: నాదీ అదే మాట కనుక, అది బయటపడుతుందని. ఆమె అడగలేదు.

"నేను వేసేదాన్ని, బాబాయ్," అంది.

అంతే అంది. అతను తలూపాడు. వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు. హాల్లో అప్పటికే దీపాలు వేశారు. రిసెప్షను అమ్మాయి ఇంటికెళ్లడానికి సంచి సర్దుకుంటోంది. కౌంటరు మీద, దర్జీ కోడలి కోసం పోసిన మంచినీళ్ల గ్లాసు ఎవరూ ముట్టకుండా అంచుదాకా నిండుగా అలాగే ఉంది. చల్లదనం పోయి, గ్లాసుకి పట్టిన చెమట కిందకి జారి, దాని చుట్టూ చెక్క మీద తడి వలయం కట్టింది.