బర్ట్ డెమ్కో వచ్చే ఏటి వంతు

ఎవడు ఎవర్ని ఎంచుకుంటాడో ముందే చెప్పడంలో లెన్ పాసెక్‌ని మించినవాడు కార్వర్స్ బెండ్ ఊళ్ళో లేడు. అంతటి మొనగాడి కళ్ళెదుటే ఆ వసంతంలో బర్ట్ డెమ్కో చావుకి అన్నీ సర్దుకున్నాడు. గుర్తులన్నీ లెన్ చూశాడు. లెక్క కూడా సరిగ్గానే కట్టాడు. ఆ లెక్క దేని గురించో మాత్రం మహానుభావుడికి తట్టలేదు.

తెరీసా మరూకా బార్ వెనక గదిలో పదిమంది కలిసి ఆడే ఆట అది. ఇరవై ఏళ్ళ పైమాటే. ఆడటమంటే వీళ్ళు బంతి ముట్టుకునేది లేదు. ఈ పదిమందిలో సగం మందికి వంగి బూటు లేసు కట్టుకోవడమే గగనం. ఆదివారాలు టీవీలో ఫుట్‌బాల్ ఆడే అసలు ఆటగాళ్ళని పేర్ల మీద పంచుకుని ఊహల్లో జట్లు కట్టుకుంటారు. అక్కడ వాళ్ళు పరిగెత్తితే ఇక్కడ వీళ్ళకి పాయింట్లు పడతాయి; ప్రతి ఆదివారం ఇద్దరిద్దరు తలపడితే ఎక్కువ పాయింట్లవాడిది గెలుపు. ఏటేటా జట్టు రద్దు చేసి కొత్తగా కట్టుకునే ఆటలు ఊళ్ళో బోలెడున్నాయి. వీళ్ళది అలా కాదు. ఒకసారి నీవాడైతే వాడు ఆట మానేదాకా నీవాడే. అందుకే కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళని రెండు విడతల్లో వంతులవారీగా ఎంచుకునే మే నెల శనివారం వీళ్ళకి ఈస్టర్ కంటే పెద్ద పండగ. కిందటేడు అట్టడుగున మిగిలినవాడిది మొదటి వంతు. వంతుల్ని మార్చుకోవచ్చు, బదులు ఏదో ఒకటి పుచ్చుకుని ఇచ్చేసుకోవచ్చు, లెక్కలు రాసే తెరీసా ఒప్పుకుంటే చాలు. ఈ ఏటివే కాదు, వచ్చే ఏటివీ, ఆపై ఏటివీ కూడా.

లెన్‌ది టైర్ల షాపు. తలుపు తీసుకుని లోపలికొచ్చిన మనిషి కొత్త టైరు కొంటాడా, పాతదానికి అతుకు వేయించుకుని పోతాడా అన్నది అతని నడకలోనే తెలిసిపోతుందని కోతలు కోసేవాడు. "కుర్రాళ్ళ సంగతి నాకెందుకురా? నేను చదివేది మిమ్మల్ని," అనేవాడు. ప్రతి మే నెలలోనూ తన జోస్యం ఒక కవర్లో పెట్టి అంటించి ఇస్తే, తెరీసా దాన్ని బార్ అద్దానికి గుచ్చేది. ఎంపికంతా అయ్యాక విప్పి చదివేవారు. తప్పిన ప్రతి పేరుకీ లెన్ అందరికీ బీరు పోయించాలి. పెద్దగా తప్పేది కాదు. ఇళ్ళ కప్పులు వేసే ఫిచ్, ఊరంత నోరున్నవాడు, తన కాలేజీ కుర్రాడు కనిపిస్తే కళ్ళు మూసుకుని ఎగరేసుకుపోతాడు. తెరీసా అయితే అమ్మని వాటేసుకుని ఫోటో దిగిన కుర్రాణ్ణి చూసి కరిగిపోతుంది. ఇందులో జ్యోతిషమేముంది?

బర్ట్‌ని చెప్పడం ఇంకా తేలిక. నదిలో సరుకు పడవల్ని దాటించే గేట్ల దగ్గర అతని పని. నీళ్ళు నిండేదాకా ఆగు, దిగేదాకా ఆగు. ముప్పై ఏళ్ళు అదే. జట్టునీ అలాగే కట్టుకున్నాడు. మోకాలు విరిగినవాణ్ణో, పేరు తెలియని కాలేజీవాణ్ణో తీసుకుని, బెంచీ మీద కూర్చోబెట్టి, వాడు పనికొచ్చేదాకా ఓపిగ్గా ఆగేవాడు. ఒకడి కోసం అలా నాలుగేళ్ళు ఆగాడు. అందరూ పగలబడి నవ్వారు. ఐదో ఏడు వాడొచ్చి అందరి జట్లనీ చితక్కొట్టి పెట్టాడు. రాబోయే ఏళ్ళ వంతుని మాత్రం బర్ట్ ఎవరెంత బతిమాలినా ఇచ్చేవాడు కాదు. "ఇవాళ్టిది ఏదైనా అడుగు. రేపటిది అడక్కు," అనేవాడు.

అతని భార్య జోయిస్ పోయి రెండు చలికాలాలైంది. అందరూ వెళ్ళారు, నల్ల కోట్లేసుకుని నిలబడ్డారు, చర్చి హాల్లో హ్యామ్ శాండ్‌విచ్‌లు తిన్నారు. సమాధి దగ్గర్నుంచి కార్ల వైపు నడుస్తూ లెన్ అతని భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం ఎవర్ని ఆడిస్తున్నావ్?" అన్నాడు. ఓదార్పంటే వాళ్ళకి తెలిసిందదే. ఆ తర్వాత బర్ట్ ముందు జోయిస్ పేరు ఎత్తినవాడు లేడు. గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని. ఆవిణ్ణి అతను మర్చిపోయి కూర్చున్నట్టు!

మార్చిలో బర్ట్ షాపుకి ఫోన్ చేశాడు.

"లెన్, నా వచ్చే ఏటి మొదటి విడత వంతు నీకు కావాలా?"

లెన్ చేతిలోని పానా కింద పెట్టాడు. "తాగున్నావా?"

"లేదు. ఆపై ఏటిది కూడా తీసుకో."

"ఊరికేనా?"

"ఊరికే అయితే తెరీసా ఒప్పుకోదుగా. నీ ముసలాడు టిబ్స్‌ని ఇయ్యి."

టిబ్స్ అంటే ముప్పై దాటిన ఆటగాడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయినవాడు. వాణ్ణి ఎవరికి అంటగట్టాలా అని లెన్ ఏడాదిగా చూస్తున్నాడు. ఎందుకురా అని ఒక్క మాట అడగొచ్చు కదా! ఇరవై ఏళ్ళుగా రేపటిది అడక్కు అన్నవాడు రేపటిదీ ఎల్లుండిదీ గంపగుత్తగా చేతిలో పెడుతుంటే, ఏమైంది నీకు అని అడగడానికి నోరు పడిపోయిందా? లెన్ అడిగిన మాట వేరే.

"మళ్ళీ మాట మార్చవుగా?"

"మార్చను," అన్నాడు బర్ట్. కాసేపు లైన్లోనే ఉన్నాడు. "షాపెలా ఉంది?"

"కిటకిటలాడుతోంది. ఉంటాను మరి, ఎవరో వచ్చారు."

ఎవరూ రాలేదు. బర్ట్ మనసు మారేలోగా తెరీసాకి చెప్పి ఖాయం చేయించాలని అతని తొందర. తన పంట పండిందని ఆ సాయంత్రం భార్యకి కూడా చెప్పుకున్నాడు.

ఏప్రిల్లో బర్ట్ తన ఈ ఏటి మొదటి విడత వంతు తెరీసాకిచ్చి, ఆమె ఎప్పుడూ ఆడించని ఒక ఆటగాణ్ణి తీసుకున్నాడు. తన కాలేజీవాడని ఫిచ్ తొమ్మిదేళ్ళుగా దేబిరిస్తున్న ఆటగాణ్ణి, ఎవరో ముసలి ఆటగాడికి బదులుగా ఫిచ్‌కిచ్చేశాడు. "బర్ట్‌గాడికి మతి పోయింది," అన్నాడు ఫిచ్ బార్‌లో. "పోతే పోయింది గానీ, పోయేముందు నన్ను గుర్తుపెట్టుకున్నాడు!" అందరూ నవ్వారు.

లెన్ నవ్వలేదు. అతనికి జోస్యం బెంగ పట్టుకుంది. బర్ట్‌కి ఇక మిగిలింది రెండో విడతలో చిట్టచివరి వంతు ఒక్కటే. దానికి ఎవర్ని తీసుకుంటాడు? ఈ ఏడే గెలవాలని తెగించాడా అంటే, తెచ్చుకున్నవాళ్ళందరూ పనికిరానివాళ్ళే. షాపులో టైర్లు విప్పుతూ, భోంచేస్తూ, కారు నడుపుతూ అదే ఆలోచన. బర్ట్ ఇచ్చినవన్నీ ఒక వరసలో పెట్టి చూసుకున్నాడు. ఎవరికేది ఇష్టమో వాళ్ళకది ఇచ్చాడు. తను ఎవర్నీ కోరుకోలేదు. రాబోయే ఏ ఏడూ తన దగ్గర ఉంచుకోలేదు. ఉన్నట్టుండి లెన్‌కి వెలిగింది. ఆ సంబరంలో స్టీరింగు మీద గట్టిగా చరిచాడు. ఇంటికెళ్ళి కవర్లోని కాగితం మీద బర్ట్ పేరు ఎదురుగా రాశాడు: ఎవర్నీ తీసుకోడు.

ఎంపిక రోజు మధ్యాహ్నం బర్ట్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు. ప్లేటు నిండా పియరోగీలు, బంగాళదుంప కూరిన ఆ కుడుములు, పెట్టుకుని, ఉల్లిపాయ వేపుడు మరోసారి వేయించుకుని తిన్నాడు. ఫిచ్ నెత్తిన కొత్త టోపీ చూసి, "పిట్టలు గుడ్లు పెడతాయి జాగ్రత్త," అన్నాడు. రెండేళ్ళలో బర్ట్ నోటి నుంచి జోకు వినడం అదే మొదలు. తెరీసా కళ్ళు తుడుచుకుంది. "హమ్మయ్య, మనిషి తేరుకున్నాడు," అంది లెన్ చెవిలో. లెన్‌కీ అలాగే అనిపించింది, ప్రాణం తేలికపడింది.

పేర్లు ఒక్కొక్కటీ బోర్డెక్కాయి. చివరికి తెరీసా పిలిచింది.

"బర్ట్, నీ వంతు. ఎవర్ని రాయను?"

"వద్దులే," అన్నాడు బర్ట్.

"వద్దేంటి? చూడు, నీకు నచ్చే రకం కుర్రాడొకడు మిగిలే ఉన్నాడు. కాలికి కట్టుతో ఉన్నాడు పాపం."

బర్ట్ బోర్డు వంక చూశాడు. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాడు. "మంచివాడే. టైం పడుతుంది వాడికి," అన్నాడు. "వదిలెయ్ తెరీసా. నాకెవరూ వద్దు."

తెరీసా కవరు విప్పి చదివింది. ఒక్కో పేరుకీ గదిలో గోల పెరిగింది. చివరి పేరు దగ్గర ఆమె గొంతు కీచుమంది. "బర్ట్ డెమ్కో, ఎవర్నీ తీసుకోడు! ఒరే లెన్, ఒక్కటీ తప్పలేదురా!" ఇరవై ఏళ్ళలో ఒక్కటీ తప్పకపోవడం అదే మొదటిసారి. ఫిచ్ బల్ల మీద దరువేశాడు. లెన్‌ని కుర్చీతో సహా పైకెత్తారు. అక్కణ్ణుంచి చూస్తే, బర్ట్ కోటు తొడుక్కుంటున్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కరచాలనం చేస్తున్నాడు. వాళ్ళు ఒకరికొకరు కరచాలనం చేసుకునే మనుషులు కారు. తల ఊపి వెళ్ళిపోయే మనుషులు.

లెన్ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు. నాకెలా తెలిసింది? వీడు ఎవర్నీ తీసుకోడని నాకెలా తెలిసింది? కుర్చీ దించమని అరిచి, జనాన్ని తోసుకుని బయటికి పరిగెత్తాడు. బర్ట్ అప్పటికే ట్రక్కెక్కాడు. అద్దం దించాడు.

"ఏంట్రా, నీ పండగ వదిలేసి వచ్చావ్?"

లెన్‌కి ఊపిరాడటం లేదు. అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. ఎండ బాగా కాస్తోంది, బర్ట్ ముఖం ప్రశాంతంగా ఉంది, లోపల్నుంచి తన పేరు పాటలా పాడుతున్నారు. ఇంత మంచి మధ్యాహ్నం పూట మనిషి ముఖం మీద అలాంటి మాట ఎలా అడుగుతాం? కాకపోతే ఎంత సిగ్గు? లెన్ తనకొచ్చిన భాషలోనే అడిగాడు.

"వచ్చే ఏడైతే ఎవర్ని తీసుకునేవాడివి?"

బర్ట్ తాళంచెవి దూర్చాడు. "నా వంతు నీ దగ్గరే ఉందిగా. నువ్వే తీసుకో." ఇంజిన్ స్టార్ట్ చేశాడు. "తొందరపడకు. కాస్త టైం పట్టేవాణ్ణి తీసుకో."

"సరే అయితే. కలుద్దాం."

బర్ట్ చెయ్యి ఊపాడు. లెన్ లోపలికెళ్ళి బీరు తాగాడు.

సోమవారం పొద్దున బర్ట్ పక్కింటావిడ తెరీసాకి ఫోన్ చేసింది. తన చేతులతో తనే పోయాడు. ఇల్లు కడిగి, చెత్త బయట పెట్టి, తాళంచెవి పక్కింటావిడ మెట్ల మీద ఉంచి పోయాడు. లెన్ ఆ కబురు షాపులో విన్నాడు. విని, ఎదురుగా ఉన్న మనిషికి టైరు బిగించి పంపించాడు. తర్వాత వెనక గదిలోకెళ్ళి, పాత టైర్ల మధ్య కూర్చుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు.

బర్ట్ జట్టుని తీసుకుంటామని ఎవరూ ముందుకు రాలేదు. చెరిపెయ్యడానికి తెరీసాకి చేతులు రాలేదు. ఆ ఏడంతా అది అలాగే ఉంది, ఎవర్ని ఆడించాలో చెప్పే దిక్కు లేకుండా. టిబ్స్ మొదటి నెలలోనే ఆట మానేశాడు. అయినా ప్రతి ఆదివారం బర్ట్ వరసలో వాడి పేరే, పక్కన సున్నా. ఆ జట్టు అందరి మీదా ఓడింది. దాని మీద గెలిచినవాడు ఆ వారం బార్‌కి వచ్చేవాడు కాదు. లెన్ కూడా ఒక ఆదివారం దాని మీద గెలిచాడు.

అట్టడుగున మిగిలినవాడిది మొదటి వంతు. బర్ట్ జట్టు అట్టడుగున మిగిలింది. బర్ట్ వచ్చే ఏటి వంతు లెన్‌ది. ఆ ఏడు కాలేజీల నుంచి వచ్చినవాళ్ళలో గాలిలా దూసుకుపోయే కుర్రాడొకడున్నాడు. అలాంటివాడు పదేళ్ళకొకడు దొరుకుతాడని అంతా అనేవారు. పేరు పలికితే చాలు, ఆ కుర్రాడు ఇప్పుడు లెన్‌వాడు.

మే నెలలో తొమ్మిదిమందే కూర్చున్నారు. బార్ అద్దం మీద కవరు లేదు. లెన్ రాయలేదు, ఎవరూ అడగలేదు. తెరీసా చాక్‌పీస్ పట్టుకుని నిలబడింది.

"మొదటి వంతు బర్ట్... లెన్," అంది.

"ఇందులో అడగడానికేముంది, రాసెయ్," అన్నాడు ఫిచ్ నెమ్మదిగా. వాడి నోటికి ఈ మధ్య నెమ్మది అలవాటైంది.

లెన్ ఒక పేరు చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. కొండల్లో ఏదో చిన్న కాలేజీ, భుజం మీద రెండు ఆపరేషన్లు, బంతి విసరడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంటున్న కుర్రాడు. తెరీసా చాక్‌పీస్ బోర్డు దగ్గరే ఆగిపోయింది.

"ఒరే లెన్," అన్నాడు ఫిచ్. "వాడు మైదానంలో కాలు పెట్టడానికే మూడేళ్ళు పడుతుందిరా. అన్నాళ్ళు ఆగుతావా వాడి కోసం?"

"ఆగుతాను."

"ఆఖరికి ఆడకపోతే?"

లెన్ చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూశాడు. "ఆగు అని నేను బర్ట్‌తో అనుండాల్సింది, ఫిచ్. ట్రక్కు దగ్గర. అద్దం కూడా దించాడు నాకోసం." తలెత్తాడు. "నేను ఫుట్‌బాల్ అడిగాను."

తెరీసా బోర్డు వైపు తిరిగి, మొదటి గడిలో ఆ కుర్రాడి పేరు రాసింది.