పిన్‌బాల్‌కు కట్టిన దొడ్డు తీగ

కరెంటు పనిచేసే బస్వరాజ్‌కు పేరొచ్చింది ఒక్కందుకే: అతను చెయ్యి పెడితే మోటరు తిరగాల్సిందే. ఎన్నాళ్లు తిరుగుతుందని ఎవరూ అడగరు, అతనూ చెప్పడు. ఝరాసంగం వైపు రైతులకు కరెంటున్న కాసేపట్లోనే నీళ్లు పారాలి. స్టార్టర్‌లో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఎందుకు పోతోందని వెతికే ఓపిక ఎవరికుంది? సన్నతీగ బదులు దొడ్డు రాగితీగ చుట్టేస్తే ఇక పోయే మాటే లేదు. "బస్వన్న కట్టిండంటే కట్టిండే" అని రైతులు మెచ్చుకునేవారు. ఆ మెప్పు మనిషి తలకెక్కింది.

జహీరాబాద్‌లో ముంబై రోడ్డు మీద హోటల్ నడిపే మదన్‌మోహన్ సేట్, ఎక్కడో క్లబ్బు మూతపడితే అక్కడి పాత పిన్‌బాల్ మిషన్ కొనుక్కొచ్చాడు. అద్దం కింద ఉక్కు గోలీ, దాన్ని పైకి కొట్టే రెండు రెక్కలు, చుట్టూ రంగు బల్బులు. మనవరాలు సహస్ర పుట్టినరోజుకు పిల్లలంతా దాంతో ఆడాలని ఆయన ముచ్చట. తీరా ఆ పొద్దున స్విచ్ వేస్తే బల్బులు మినుకుమినుకుమని ఆరిపోయాయి. బస్వరాజ్‌కు కబురొచ్చింది.

వెనక తలుపు తీస్తే, బోర్డు పిన్నులకు తగిలించే తీగల కనెక్టర్ మాడి ఉంది. దాని లోపలి చిన్న చిన్న టర్మినళ్లు ఏళ్ల తరబడి వదులై, వేడెక్కి, నల్లబడ్డాయి. బస్వరాజ్ బజార్లో కొత్త కనెక్టరూ టర్మినళ్లూ తెచ్చి, ఒక్కో తీగకూ ప్లయర్‌తో నొక్కి మార్చాడు. అంతవరకూ వంక పెట్టలేని పని. కానీ అవి వెళ్లి కూర్చునే బోర్డు పిన్నులూ కాలి గరుకెక్కాయి. వాటినీ మార్చకపోతే కొత్త టర్మినళ్లకూ పాత గతే. మార్చాలంటే బోర్డు ఊడదీసి టంకం కరిగించాలి. సాయంత్రమే పుట్టినరోజు! గరుకు కాగితంతో కాస్త రుద్ది ఊరుకున్నాడు. స్విచ్ వేస్తే లోపలి గాజు ఫ్యూజు టప్పున పోయింది. చేతికున్న అలవాటు ఊరుకుంటుందా? ఫ్యూజు మీద రాగితీగ చుట్టేశాడు. మిషన్ పెళ్లిపందిరిలా వెలిగింది.

"షాబాష్ బస్వరాజ్!" అన్నాడు సేట్. మిషన్‌ను గోడకు ఆనించి, వెనకంతా థర్మాకోల్ బొమ్మలూ సాటిన్ పరదాలూ కట్టించాడు.

మధ్యాహ్నం దాటాక ఝరాసంగం రైతు చెన్నబసప్ప ఫోన్ చేశాడు. "బస్వన్నా, జర జల్దీ రా." వెళ్లి చూస్తే పొలంలో మోటరు గది నల్లగా ఉంది. స్టార్టర్ డబ్బా కరిగి గోడకు అంటుకుపోయింది, తలుపు సగం కాలింది. ఆ మసిలో బస్వరాజ్ కట్టిన దొడ్డు తీగ ఒక్కటే చెక్కుచెదరకుండా ఉంది.

చెన్నబసప్ప తిట్టలేదు. తిడితేనే బాగుండేది. "నువ్వు కట్టింది గట్టిదే అన్నా. అంత కాలిపోయింది గని నీ తీగ పోలే. మా ఇంటామె బసమ్మ జరసేపటి ముంగట దాంక గీ గదిలనే కూసొని బువ్వ తిన్నది," అన్నాడు.

బస్వరాజ్ ఆ తీగనే చూశాడు. కరెంటు ఎక్కువైతే ముందు తెగాల్సింది అదే. అది తెగనందుకే మిగతాదంతా కాలింది. ఇన్నేళ్లూ దేన్ని గొప్పనుకున్నాడో అదే కళ్లెదుట మసిపట్టి వేలాడుతోంది. వెంటనే కాలిన పిన్నులు గుర్తొచ్చాయి, సాటిన్ పరదాలు గుర్తొచ్చాయి, వాటి ముందు మూగే పిల్లలు గుర్తొచ్చారు. సేట్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. పుట్టినరోజు పాటలు అప్పటికే మొదలై ఉంటాయి, ఆ హోరులో ఫోనెవరికి వినిపిస్తుంది? బండి తీశాడు. దారి పొడుగునా జహీరాబాద్ వైపు ఆకాశంలో పొగ కోసమే వెతికాడు.

హోటల్ ముందు పొగేమీ లేదు. అమ్మయ్య అనుకుని లోపల అడుగుపెట్టాడో లేదో కంపు తగిలింది. వంటింట్లో ఏదో మాడిందనుకుని ఎవరో ఊదొత్తులు కూడా వెలిగించారు. సహస్ర మిషన్‌కు అతుక్కుపోయి బటన్లు నొక్కుతోంది. ఒక రెక్క సరిగ్గా లేవడం లేదని పిల్లలు మిషన్‌ను గుద్దుతున్నారు. బస్వరాజ్ అందరినీ తోసుకుంటూ వెళ్లి ప్లగ్ పీకేశాడు.

పిల్లలు గొల్లుమన్నారు. "పాగల్ అయినవా ఏంది?" సేట్ మీదికొచ్చాడు.

బస్వరాజ్ మిషన్‌ను పక్కకు జరిపాడు. పొద్దున తొడిగిన కొత్త కనెక్టర్ బెల్లంలా కరిగి పిన్నులకు అంటుకుంది. దానికెదురుగా ఉన్న పరదా అంచు గోధుమరంగుకు తిరిగింది.

"నేనే చేసిన సేట్. పాత పిన్నులు ఇడిసిపెట్టిన, ఫ్యూజు మీద దొడ్డు తీగ కట్టిన. తప్పయింది."

సేట్ ముఖం పాలిపోయింది. అయినా చుట్టాల ముందు గొడవెందుకని సర్దుకున్నాడు. "మానసా, పిల్లల్ని పైన హాలుకు తోల్కపో. ఏసీలన్ని ఎయ్యి, కేకు ఆడనే కోద్దాం," అని కోడలికి చెప్పాడు. పిల్లలు కేరింతలు కొడుతూ మెట్లెక్కారు. పైన ఒక్కొక్క ఏసీ మొదలవుతున్న గుర్రు కిందికి వినిపించింది.

అప్పుడు సేట్ గొంతు తగ్గించి అడిగాడు. "గిట్ల కట్టింది గీ ఒక్కదానికేనా, బస్వరాజ్?"

మొన్న ఎండాకాలం హోటల్లో ఎవరిదో పెళ్లి నడుస్తుండగా పై హాలు ఫ్యూజు మాటిమాటికీ పోయింది. ఎట్లనన్న నడిపియ్యి అన్నది సేటే. నడిపించింది తనే. బస్వరాజ్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు.

"కాదు సేట్. పైన హాలుకు గూడ."

సేట్ మెయిన్ స్విచ్ వైపు ఉరికాడు, బస్వరాజ్ మెట్ల వైపు. మెట్ల మీది లైటు ఒకసారి మందగించి మళ్లీ వెలిగింది. పైన పిల్లలు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.