గురుడి మీద కిలో ఎక్కువ

తూకానికి ఇంకా గంటన్నర ఉంది. పిడుగు మూడు స్వెటర్లు తొడుక్కుని హోటల్ గదిలో తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా పరుగు తీస్తూనే ఉంది. బాక్సింగ్ క్లబ్బులో ఆమెకు పెట్టిన పేరది. యాభై ఒక్క కిలోల విభాగంలో ఆడాలి. పొద్దున చూసుకుంటే నాలుగు వందల గ్రాములు ఎక్కువ ఉంది.

తోడుగా వచ్చిన అక్క బడిలో సైన్సు టీచరు. మంచం మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"అక్కా, ఏదో ఒకటి మాట్లాడవే. పిచ్చెక్కుతోంది."

"ఏం మాట్లాడను? ఇదిగో, యాభై కిలోల మనిషి చంద్రుడి మీద ఎంత తూగుతాడని అడిగా. అక్కడి ఆకర్షణ ఇక్కడి దాంట్లో ఆరో వంతు. ఆరుతో భాగిస్తే సరిపోయేది. వీడు గుణించి మూడొందల కిలోలు చేశాడు."

పిడుగు నవ్వలేదు. "నాకు కట్టు లెక్క."

"చంద్రుడి మీద ఎనిమిదిన్నర పైచిలుకు. అంగారకుడి మీద పందొమ్మిదిన్నర."

"అయితే అక్కడికే పోదాం పద."

"పోయి ఏం లాభం? నీతోపాటు లిమిట్ కూడా తగ్గుతుందిగా. చంద్రుడి మీద డెబ్బై గ్రాములు ఎక్కువ తేలతావు. గురుడి మీదైతే అన్నీ రెండున్నర రెట్లు. అక్కడ ఏకంగా కిలో ఎక్కువ."

"అంటే ఎక్కడా పనికిరాననేగా."

అక్క నాలుక కరుచుకుంది. చెల్లెలి పెదాలు ఎండి పగిలాయి. నిన్న మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు.

కోచ్ తూకం యంత్రం పట్టుకొచ్చాడు. స్వెటర్లు విప్పి నిలబడితే ఇంకా నూట యాభై గ్రాములు ఎక్కువ.

"అయిపోవచ్చిందమ్మా. ఇంకో అరగంట పరిగెత్తు."

పిడుగు రెండడుగులు వేసింది. తూలి పడబోయింది. అక్క లేచి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని గోడకు ఆనుకుంది.

"సార్, ఇక నావల్ల కాదు. యాభై నాలుగులో ఆడతాను."

"ఈ పోటీకి కుదరదు. పేర్లు ఇచ్చేశాం."

"వచ్చే పోటీకే."

కోచ్ ఆమె మొహం చూసి తూకం యంత్రం చంకన పెట్టుకున్నాడు. అక్క సీసా మూత తీసి ఇచ్చింది. పిడుగు సగం తాగి, మిగతాది తల మీద పోసుకుంది.

మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు హాల్లో వెనక వరసలో కూర్చున్నారు. యాభై ఒక్క కిలోల ఆట నడుస్తోంది. పిడుగు పిడికిళ్లు ఒళ్లో కదులుతూనే ఉన్నాయి.

"కుదురుగా కూర్చోవే."

"ఎర్ర గ్లవ్స్ పిల్లని చూడు, ఎడమ చెయ్యి దించేస్తోంది, మొహానికి అడ్డే లేదు" అంటూ పిడుగు లేచి, కోచ్ కూర్చున్న ముందు వరస వైపు నడిచింది.