కంది పొట్టు మూట

పొద్దుగాల లేవంగనే బస్వమ్మ వాకిలి ఊడ్చి, ఇత్తడి బిందె తీసుకొని బోరింగు కాడికి పోతది. బిందెల సగానికి మించి కొట్టదు. ఆ సగం బిందెనే ఇద్దరు కలిసి లేపాలె. ఎనభై ఒకటిల చిరాగ్‌పల్లి సడక్ పక్కన కంపెనీ పడి మురికి నీళ్లు విడువబట్టినప్పటి సంది ఆ ఊరి నీళ్లు బరువెక్కినయ్. ఎండకు వేడెక్కినట్టే కంపెనీకి బరువెక్కినయ్ అనుకున్నరు. "ఇయాల జర ఎక్కువున్నయ్ వదినా" అని ఒకరికొకరు చెప్పుకొని, బిందెను చెరో పక్క పట్టుకొని ఇంటికి పోతుండ్రి.

తాగినోళ్లు గూడ బరువెక్కిన్రు. బస్వమ్మ మొగడు వీరప్ప మంచం నులక మూడుసార్లు తెంపిండు. బస్సెక్కితే బస్సు ఆయన దిక్కే ఒరుగుతుండె, కండక్టరు ఆయనను సరిగ్గ నడుమ నిలబెడుతుండె. పెద్దోళ్లు ఎట్లనో కాళ్లీడ్చుకుంట బతుకుతున్నరు గాని, మనుమరాలు భాగీరథిని చూస్తేనే బస్వమ్మ పానం ఉసూరుమంటుండె. పిల్లకు మూడేండ్లు నిండినయ్, ఒక్క అడుగు వెయ్యలే. కూసున్న కాడ నేల పల్లం పడుతుండె. పక్కకు జరపాల్నంటే నలుగురు కావాలె. జహీరాబాద్ దవాఖాన నుంచి డాక్టరే ఇంటికొచ్చి చూసిండు.

"నీళ్లు మార్చకుంటే ఈ పిల్ల లేవదమ్మా. ఇంకో ఏడాదైతే కాళ్ల బొక్కలు వంగిపోతయ్" అన్నడు.

మార్చనీకి వేరే నీళ్లేవి? ఊరంతటికి ఆ ఒక్క బోరింగే. ఆనాటి సంది బస్వమ్మకు బుక్కెడు అన్నం గొంతు దిగకుండైంది.

ఆమె పని పప్పు మిల్లుల. పొద్దంత కందిపప్పు చెరిగి, పొద్దుమీకి గంపెడు పొట్టు తెచ్చుకుంటది. సగం బర్రెకు, సగం బిందెలు తోమనీకి. ఊళ్లె అందరు బూడిదతోని తోముకుంటరు, బస్వమ్మదే వేరే సోకు. పొట్టును చింతపండు పులుసుల ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టి, పాత చీర పేలికల మూటగట్టి పెట్టుకుంటది. ఆ మూటతోని రుద్దితే ఇత్తడి పెండ్లిపిల్ల మొకం లెక్క మెరవాలె.

శివరాత్రికి ముందటి రోజు, ఎలుకలకు అందకుండ ఆ మూటను నీళ్లు పోసుకునే ఖాళీ మట్టి రంజన్ల పెట్టి మిల్లుకు పోయింది. వీరప్ప లోపలికి తొంగి గూడ చూడకుండ తెచ్చిన నీళ్లన్ని దాంట్లనే గుమ్మరించిండు.

తెల్లారి బస్వమ్మ నీళ్లు ముంచబోయింది. అలవాటు చొప్పున కాళ్లు తన్నిపట్టి, రెండు చేతులతోని చెంబును గుంజింది. చెంబు సర్రున లేచి దూలానికి తగిలింది. నీళ్లన్ని ఆమె నెత్తిమీదనే పడ్డయ్.

"ఏమైందే?" అన్నడు వీరప్ప.

"నీళ్లు తేలికైనయ్. దీంట్ల ఏం వేసినవయ్యా?"

"నేనేం వెయ్యలే. నీళ్లే పోసిన."

నీళ్లన్ని వేరే కుండలల్ల తోడిపోసి, లోపల చెయ్యి పెడితే మూట తగిలింది. గుంజితే రాలే. రంజన్‌ను ఒరగబెట్టి దొర్లిస్తే అది ఇసుర్రాయి లెక్క దభాలున పడి నేలల జానెడు దిగింది.

"గిది నా బిందెలు తోమే మూట" అన్నది బస్వమ్మ.

వీరప్ప నెత్తి గోక్కున్నడు. "నీళ్లల్ల బరువంత ఇదే మింగినట్టుంది."

బస్వమ్మ అంతటితోని ఊకోలే. ఉత్త పొట్టు వేసి చూసింది, నీళ్లు తేలిక కాలే. ఉత్త చింతపండు వేసింది, పుల్లగైనయ్ గాని బరువు బరువే. పులుసుల ఉడికి ఎండిన పొట్టే పనిచేసింది. అదీ మూడొద్దులే, కడుపు నిండినంక ఇంక మింగకపోతుండె. వారం తిరగకముందే ఊళ్లె ప్రతి ఇంటి ముంగట పొట్టు ఎండుతుండె.

మరి నిండిన మూటలేం చెయ్యాలె? బర్రెకు వేస్తే బర్రె లేవది, చెలకల వేస్తే చెలక కుంగుతది.

"ఎవరి బరువు వాళ్లకే అప్పజెప్పుదాం" అన్నది బస్వమ్మ.

బండ్లు కట్టి మూటలన్ని కంపెనీ గేటు ముంగట దింపిన్రు. గేటు తెరుచుకోలే, లారీలు లోపలివి లోపలే నిలిచినయ్. నాలుగొద్దులకు మేనేజరు దిగొచ్చిండు. మురికి నీళ్లు ఇగ బయటికి విడువనని మాటిచ్చి, లోపలనే తొట్లు కట్టించి, బస్వమ్మనే అడిగి పొట్టు నింపించిండు.

ఇంట్ల భాగీరథి తేలిక నీళ్లే తాగుతుండె. ఉగాదికి ఇద్దరు లేపితే లేచింది. మిరుగు కార్తె దాటినంక కోడలు శాంతమ్మ బిడ్డను ఒక్కతే పక్కకు జరిపింది. ఆ రోజు అత్తాకోడండ్లు ఇద్దరు కడుపునిండ అన్నం తిన్నరు.

ఒకనాడు పొద్దుగాల బస్వమ్మ వాకిలి ఊడుస్తుంటే కోడిపెట్ట ఒకటి ఇంట్ల జొర్రింది. దాన్ని పట్టుకుందామని భాగీరథి గోడ ఆసరతోని లేచింది. కోడి బయటికి ఉరికితే, గోడ విడిచిపెట్టి తానూ గడప దాటొచ్చింది.

బస్వమ్మ చీపురు పారేసి ఉరికింది. కాళ్లు తన్నిపట్టి, చేతులు చాపినంక చెంబు సంగతి యాదికొచ్చి, మెల్లగ ఎత్తింది. పిల్ల చంకలకొచ్చి కూసున్నది. బస్వమ్మకు ఏడుపాగలే.

"నాయనమ్మా, ఆడికి" అని భాగీరథి బోరింగు దిక్కు చూపెట్టింది.

బోరింగు కాడికి, ఆడికెళ్లి సడక్ దాక, సడక్ నుంచి మిల్లు దాక ఎత్తుకొనే తిప్పింది. "జర దించవే, నడుము పోతది" అని వీరప్ప ఎనకనుంచి అంటనే ఉన్నడు. దించలే. పగటాల్లకు ఇల్లు చేరేసరికి నడుము నొచ్చింది. మూడేండ్ల పిల్లను ఎత్తుకొని తిరిగితే ఎంత నొయ్యాల్నో అంతే నొచ్చింది.