ప్రార్థనమ్మగారి నలుగురు

తెల్లారగానే ప్రార్థనమ్మ లేచి, జుట్టు ముడేసుకుని, ముందుగదిలోకి తొంగిచూస్తుంది. నలుగురూ అప్పటికే లేచి బల్ల మీద వరసగా కూర్చుని ఉంటారు. అసలు పడుకుంటారో లేదో ఎవరికీ తెలీదు. ఆవిడ తల వంచుకుని వాళ్ల ముందునుంచి వీధి తలుపు దాకా వెళ్లి, గడియ తీసి, దుకాణం తెరుస్తుంది. దుకాణమంటే ఎక్కడో కాదు, ఇంటి ముందు వరండాయే. ఒక పొడుగాటి బల్ల, దానిమీద నాలుగు మడతల దుప్పటి, ఒక ఇస్త్రీపెట్టె, నీళ్లు చిలకరించడానికి మూతకి చిల్లులు పొడిచిన సీసా. వీధిలో సగం మంది ఒంటి మీద ముడతలు లేకుండా తిరుగుతున్నారంటే అది ఆవిడ చలవే.

నలుగురు అందరికీ ఉన్నట్టే ఆవిడకీ ఉన్నారు. చిన్నపిల్లలు ఒంటరిగానే తిరుగుతారు. ఒకరోజు అద్దం ముందు నిలబడి, దువ్వుకున్న తలనే మళ్లీ దువ్వుకుంటారు చూడండి, ఆ సాయంత్రానికల్లా నలుగురు వచ్చి గుమ్మంలో నిలబడతారు. తల్లి "వచ్చారూ?" అని లోపలికి పిలిచి చోటు చూపిస్తుంది. ఇక పెళ్లికైనా చావుకైనా, పనికైనా ప్రార్థనకైనా వెంటే ఉంటారు. బస్సులో వాళ్లకి టిక్కెట్టు అడగరు. తిండి ఖర్చూ లేదు. చోటు మాత్రం తెగ ఆక్రమిస్తారు. చుట్టాలొస్తే చుట్టాలే కింద కూర్చోవాలి.

వాళ్లు ఏమీ అనరు. అదే వాళ్లతో వచ్చిన చిక్కు. ఏదైనా అంటే తిరిగి మనమూ ఓ మాట అనొచ్చు. వాళ్లు అనుకుంటారు, అంతే. ఏమనుకుంటున్నారో ఊహించుకునే చాకిరీ మనది.

ఎవరి నలుగురి ముఖాల్లోకి వాళ్లు చూడరు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు గానీ, వాళ్లెదుట తల దానంతటదే వంగుతుంది. అందుకని ప్రార్థనమ్మకి తన నలుగురి కాళ్లు మాత్రమే బాగా తెలుసు. ఒకరివి నల్లబూట్లు. ఒకరివి మడమలు పగిలిన పాదాలు. ఒకరు ఎప్పుడూ బొటనవేలు ఆడిస్తూ ఉంటారు. నాలుగో మనిషి కాలు మీద కాలేసుకుంటారు. పైన ముఖాలెలా ఉంటాయో చూడాలని చిన్నప్పట్నించీ ఆవిడకి మహా కుతూహలం. ధైర్యమే చాల్లేదు. ఇక పక్కవాళ్ల నలుగురిని తేరిపార చూడటం, ఎవరింట్లోనైనా బీరువా తలుపు తీసి చూడటం లాంటిది. మర్యాద తెలిసినవాళ్లు చెయ్యరు.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఆయన నలుగురూ ఆయన్ని చూసీ చూసీ విసుగెత్తిపోయి, గోడకి చేరగిలబడి కునుకు తీస్తుంటారు. చొక్కా తిరగేసి తొడుక్కుని బజారుకెళ్లినా వాళ్లకి పట్టదు. ఆయన సిగ్గు కూడా కలిపి ఆవిడే పడుతుంది.

ప్రార్థనమ్మ ఆవిడ పేరు కాదు. చర్చిలో ఆదివారం అందరి తరఫునా ప్రార్థన చేసేది ఆవిడే గనక అలా పిలుస్తారు. బయటికొచ్చాక మెట్ల మీద ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని, "ప్రార్థన అంటే నీదేనమ్మా" అంటారు. ఆ మాట చెవిన పడిందంటే ఆ వారమంతా ఇస్త్రీపెట్టె బరువు తెలీదు. ప్రార్థన చివర్లో, "చెరసాలలో ఉన్నవాళ్లని విడిచిపెట్టకు తండ్రీ" అనేచోట ఆవిడ గొంతు కొంచెం వణుకుతుంది. ఆ వణుకంటే జనానికి చాలా ఇష్టం. ఎందుకు వణుకుతుందో కూడా తెలుసు. ఆవిడ తమ్ముడు తాగిన మైకంలో చర్చి గంటని విప్పుకుపోయి పాత ఇనుము కొట్టువాడికి అమ్మేశాడు. పట్టుకునేలోపు అది కరిగిపోయింది. తమ్ముడు జైలుకి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా చూడటానికి వెళ్లలేదు. వెళ్దామని బయల్దేరినప్పుడల్లా నలుగురూ చెప్పులేసుకుని తయారయ్యేవాళ్లు. వాళ్లని వెంటేసుకుని జైలు గుమ్మం ముందు నిలబడటానికి కాళ్లు రాలేదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"అక్కా, నేను. రేపు వదిలేస్తారట."

వెనక బల్ల కిర్రుమంది. నలుగురూ ముందుకి వంగారన్నమాట.

"రేవులో ఓడ మీద పని దొరికిందక్కా. ఎక్కితే మళ్లీ ఇటు రాను. అక్కడే ఎక్కడో బతికేస్తాను. ఎక్కేముందు ఒక్క మాట అడుగుదామనీ... నీ దగ్గరికి రానా?"

"ఆలోచించి చెప్తాన్రా."

"మళ్లీ ఫోను దొరకదు. రేపు రేవుకి మీ వీధిలోంచే పోతాను. గుమ్మం దగ్గర కాసేపాగుతాను. రమ్మంటే వస్తా. లేదంటే అట్నుంచటే పోతా. నువ్వేమీ బాధపడకు."

భర్తకి చెబితే ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం కూడా తియ్యకుండా, "రమ్మను" అన్నాడు.

"మీకేమండీ, మీవాళ్లు నిద్రపోతుంటారు. చర్చిలో అందరూ ఏమనుకుంటారు? గంట లేని గోపురం చూసినప్పుడల్లా వాడే కదా గుర్తొచ్చేది? వాణ్ణి ఇంట్లో పెట్టుకుని, వచ్చే ఆదివారం ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చెయ్యను?"

"జైల్లో ఉన్నన్నాళ్లూ వాడు నీ ప్రార్థనలో ఉన్నాడు" అన్నాడాయన. "బయటికొచ్చేసరికి అందులోంచి కూడా విడుదలైపోయాడా?"

ఆవిడకి ఒళ్లు మండింది. మాట నిజం కాకపోతే అంత మండేది కాదు. విసురుగా లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నలుగురూ ముందే వచ్చి మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. మహోన్నతుడా, కరుణామయుడా, దయాసాగరా అంటూ మాటలు ఒకదాని వెంట ఒకటి, మడతపెట్టిన చొక్కాల్లా చక్కగా వచ్చాయి. మధ్యలో నల్లబూటు మెచ్చుకోలుగా నేలమీద తట్టింది. అప్పుడు తెలిసిందావిడకి, "దయాసాగరా" అన్న మాట దేవుడి కోసం కాదు, బూటు కోసం అన్నానని. ప్రార్థన బాగా కుదిరింది. తమ్ముడి ఊసు మాత్రం అందులో ఎక్కడా రాలేదు.

మర్నాడు పొద్దున ఇస్త్రీకిచ్చిన తెల్లంగీ తీసుకెళ్దామని పాస్టరుగారు వచ్చారు. ఆయన నలుగురూ ఆయన భుజాలకి భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. ఆయన వీపు మీద ఎప్పుడూ చెమటే.

ఆవిడ సంగతంతా చెప్పి, "రానివ్వమంటారా అయ్యగారూ?" అని అడిగింది.

ఆయన అంగీ చేతిలో పట్టుకుని దాని గుండీలే చూశారు. "నన్నడగొద్దమ్మా. ప్రసంగం రాసుకుంటుంటే మావాళ్లు కాగితం మీదికి వంగిపోతారు. నేనొకటి రాద్దామనుకుంటే ఇంకొకటి పడుతుంది. రానివ్వమంటే సంఘపెద్దలు ఏమనుకుంటారోనని నాకూ ఉంది. వద్దనడానికేమో నోరు రావట్లేదు."

గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి, గొంతు తగ్గించారు. "ఒక్కటి మాత్రం నాకెప్పుడూ వింతే. ప్రభువుకి నలుగురు లేరమ్మా. నేను బైబిల్లో చాలా వెతికాను. ఉంటే ఆయన అలా, పాపులని కూడా చూడకుండా, ఎవరింటికి పడితే వాళ్లింటికి భోజనానికి వెళ్లేవాడా?"

ఆయన నలుగురిలో ఒకరు దగ్గారు. పాస్టరుగారు గబగబా వెళ్లిపోయారు.

చొక్కాల మీద నీళ్లు చిలకరిస్తూ ఆవిడ అదే ఆలోచించింది. వెనక ఎవరూ లేని మనిషి ఎదుటివాణ్ణి ఎలా చూస్తాడు? పక్కకి చూడక్కర్లేదు, వెనక్కి తిరగక్కర్లేదు. నేరుగా చూస్తాడు కాబోలు. అలా చూస్తే ఎలా ఉంటుందో! ఎంత ఊహించుకున్నా అందలేదు గానీ, ఆ ఆలోచన మాత్రం వదల్లేదు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకుంది. "కొన్నాళ్లు ఆగరా." వద్దన్నట్టూ కాదు, రమ్మన్నట్టూ కాదు. వెనకాల బొటనవేలు ఆడటం మానేసింది. అంటే అందరికీ సమ్మతమే.

తమ్ముడొచ్చాడు. గుమ్మం ముందు ఎండలో, చేతిలో చిన్న సంచితో, తల వంచుకుని నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. ఆవిడకి వాడి ముఖంలోకి చూడటానికి సిగ్గేసింది. చూపు ఎటు తిప్పాలో తెలీక వాడి తలమీదుగా వెనక్కి చూసింది. అక్కడ వాడి నలుగురున్నారు.

మర్యాద కాదని తెలిసినా కళ్లు మరల్చుకోలేకపోయింది. మొదటి మనిషి చచ్చిపోయిన నాన్న. రెండో మనిషి, వాణ్ణి బెత్తంతో కొట్టిన లెక్కల మాస్టారు. మూడో ఆయన గంట కొట్టే ముసలాయన, ఖాళీ చేతులు ఏం చెయ్యాలో తెలీనట్టు వేళ్లాడేసుకుని ఉన్నాడు. నాలుగో మనిషి ఆదివారం బట్టల్లో ఉన్న ఒక ఆడమనిషి. బట్టల మీద ఒక్క ముడత లేదు. పెదవులు బిగించి, గడ్డం కొంచెం పైకెత్తి వాడి వీపునే చూస్తోంది.

ఆ గడ్డం ప్రార్థనమ్మదే.

"ఒరేయ్" అంది. "వీళ్లు జైల్లో కూడా నీతోనే ఉన్నారా?"

"ఉన్నారక్కా. గది ఇరుకు కదా, వాళ్లు కూర్చుంటే నేను నిలబడేవాణ్ణి."

"నేను కూడానా?"

వాడు తలెత్తలేదు. "అందరికంటే ముందొచ్చింది నువ్వే."

ఎవరికీ కనపడకూడదని ఇన్నేళ్లూ ఏ జైలు గుమ్మం తొక్కలేదో, ఆ గుమ్మం లోపలే తను రోజూ కూర్చుంది. అలా పెదవులు బిగించుకుని, ఒక్క మాటైనా అనకుండా, వాడి చోటు కూడా తనే తీసుకుని కూర్చుంది. ఆవిడకి ఏడుపు వచ్చింది.

చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. వెనక బల్ల కిర్రుమంది కూడా. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కళ్లు మూసుకోకుండా, మోకరించకుండా, ఆ ఇస్త్రీ బల్ల దగ్గరే నిలబడి, "ప్రభువా, నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగింది. మహోన్నతుడా అనలేదు. దయాసాగరా అనడం గుర్తుకే రాలేదు.

జవాబు వినపడలేదు. కానీ ఇన్నేళ్లుగా చెవుల్లో ఉన్న ఏదో గుసగుస ఆగిపోయింది. అది ఆగాకే, ఇన్నాళ్లూ ఉందని ఆవిడకి తెలిసింది. ఎవరో తనని నేరుగా చూస్తున్నట్టనిపించింది. భయం వెయ్యలేదు. ఆ చూపులో తనతోపాటు తమ్ముడూ ఉన్నాడు, ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు.

"ఎండలో నిలబడతావేంరా, లోపలికి రా. ఏమైనా తిన్నావా?"

వాడు గడప దాటాడు. వాడి వెనకున్న ఆదివారం బట్టల మనిషి కూడా దాటింది. ముందుగదిలోంచి నేరుగా వంటింట్లోకి వెళ్లి, మళ్లీ బయటికి రాలేదు. వంటింటికి వేరే తలుపు లేదు. భర్త కంటికి భూతద్దంతోనే వచ్చి బావమరిది సంచి అందుకుని, "సబ్బుందా, ఇవ్వనా?" అన్నాడు. సాయంత్రం రేవు వైపు నుంచి ఓడ కూత వినపడింది. తమ్ముడు అప్పటికి కాళ్లు బారజాపుకుని మంచి నిద్రలో ఉన్నాడు.

ఆదివారం వాణ్ణి తీసుకుని చర్చికి వెళ్లింది. ముందు వరసలో కూర్చుంటే, ఆ వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కళ్లే లేచి వెనక్కి సర్దుకున్నారు. ఒకళ్లు కళ్లజోడు మర్చిపోయామని, ఒకళ్లు గాలి ఎక్కువగా ఉందని. పొడుగాటి బల్ల మీద ఆవిడా, భర్తా, తమ్ముడూ మిగిలారు. పాస్టరుగారు ప్రార్థనకి పిలిచారు. పిలిచేటప్పుడు ఆయన గొంతు తడబడింది గానీ, పిలవడం మాత్రం మానలేదు.

ఆవిడ లేచి ముందుకెళ్లింది. జనం తలలు వంచారు, అలవాటైన వణుకు కోసం చెవులు రిక్కించి ఎదురుచూశారు. ఆవిడకి ఆ పాత మాటలు రాలేదు. వెతుక్కోనూ లేదు.

"ప్రభువా, వీడు మా తమ్ముడు. నీకు తెలుసు. వీణ్ణి చూడటానికి నేనొక్కసారి కూడా వెళ్లలేదు. అదీ నీకు తెలుసు. ఇప్పుడు ఇంటికొచ్చాడు. ఆమేన్."

ఇంకా ఉంటుందేమోనని జనం తలలు ఎత్తలేదు. "ఆమేన్" అని ఎవరూ అనలేదు. వెనకెక్కడో ఎవరో గొంతు సవరించుకున్నారు. ప్రార్థన అంటే నీదేనమ్మా అని ఇవాళ మెట్ల మీద ఎవరూ అనరని ఆవిడకి అర్థమైంది. అర్థమైనా ఏమీ తగ్గినట్టు లేదు. అదేంటో చూద్దామని మనసంతా వెతుక్కుంది కూడా. ఎక్కడా నొప్పి లేదు.

వెనక్కి తిరిగి వస్తుంటే, బల్లల మధ్య దారిలో తన నలుగురూ నిలబడి కనిపించారు. కూర్చోవాలో వెళ్లిపోవాలో తెలీక ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆవిడ తలెత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వాళ్ల ముఖాల్లోకి చూసింది. చాలా మామూలు ముఖాలు. నల్లబూట్ల ఆయనకి గడ్డం కింద గీసుకున్న గాటుంది. బొటనవేలు ఆడించే ఆవిడ కళ్ల కింద నిద్ర లేని నలుపు. ఆశ్చర్యమేంటంటే వాళ్లూ తలలు వంచుకునే ఉన్నారు. వాళ్ల వెనక మసకమసకగా ఇంకెవరో నలుగురు, ఆ వెనక ఇంకో నలుగురు, తలుపు దాకా వరస.

ఆవిడ వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది. వాడు వెనక్కి చూడకుండానే చెవిలో అడిగాడు. "అక్కా, ఏమనుకుంటున్నారు వాళ్లు?"

"పాపం, భయపడుతున్నార్రా" అంది ప్రార్థనమ్మ. "కాస్త జరుగు, కూర్చుంటారు."