ఆయనకిష్టమైన పాట

సూప్‌లో వేసే సేమ్యా కోసం పిండిని కాగితమంత పల్చగా ఒత్తి, చుట్ట చుట్టి, దారాల్లా తరగాలి. ఏ మాత్రం లావైనా అత్తగారు దేసంక సూప్‌లోంచి ఒక పోగును చెంచాతో పైకెత్తి అందరికీ చూపిస్తుంది. "చూడండర్రా, మా కోడలు గుర్రానికి పగ్గం పేనింది" అంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళంతా నవ్వుతారు. జోఫియా కూడా నవ్వాలి. నవ్వకపోతే "మా ఆవిడకి సరదా తెలీదు" అంటాడు స్వెతోజార్. అందుకని ప్రతి ఆదివారం ఆమె ఊపిరి బిగబట్టి తరుగుతుంది. పెళ్ళయి పదహారేళ్ళయినా తన చేతిమీద తనకు నమ్మకం రాలేదు.

ఆ పని చేస్తున్నంతసేపూ బల్ల ఉన్న గదిలో అలమర మీద రేడియో మోగుతూ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం కోరిన పాటలు వేస్తారు. సెర్బియన్‌లో ఒకటి, హంగేరియన్‌లో ఒకటి, స్లోవాక్‌లో, రొమేనియన్‌లో, సెర్బియా ఉత్తరాన ఉన్న ఆ మైదానంలో ఎన్ని భాషలవాళ్ళున్నారో అన్ని భాషల్లో. సైన్యానికి వెళ్తున్న మనవడికి, కొత్త ఇంట్లో దిగిన మేనత్తకి. ఫోన్ చేసి పేర్లు చెబితే చాలు. ఏటా అక్టోబరులో, జోఫియా పుట్టినరోజుకు దగ్గరపడిన ఆదివారం, స్వెతోజార్ కూడా ఒక పాట వేయిస్తాడు. "కష్టజీవి అయిన మా జోఫియాకు, ప్రేమతో, భర్త స్వెతోజార్, అత్తగారు దేసంక" అని రేడియో ఆయన చదువుతాడు. తర్వాత పాట. తెల్లగుర్రం మీద ఊళ్ళోకి వచ్చే కుర్రాడు, వాడి కోసం కిటికీల దగ్గర ఏడ్చే ఆడపిల్లలు. అది స్వెతోజార్‌కి ప్రాణం. ఒక్క ఏడాది కూడా వేరే పాట రాలేదు. పాట మొదలవగానే ఆమె సబ్బు చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడాలి. ముఖంలో సంతోషం కనబడాలి. స్వెతోజార్ కళ్ళు మూసుకుని, గ్లాసు పైకెత్తి, చరణాలన్నీ పాడతాడు. అయిపోయాక ఆమె మళ్ళీ గిన్నెల దగ్గరికి వెళ్ళిపోతుంది. "ఎంత అదృష్టమమ్మా నీది! మా ఆయనకి నా పుట్టినరోజే గుర్తుండదు" అంటారు పక్కింటివాళ్ళు.

ఆ ఏడు మాత్రం ఆ పాట ఆమె నోట్లోంచే వచ్చి ఆమెను కొట్టింది.

వారంలో మిగతా రోజుల్లో జోఫియా సహకార సంఘం గోదాములో ఎండుమిరపకాయలు ఏరుతుంది. తొడిమెలు తీసి, మచ్చపడినవి పక్కన పడేసి, ఎర్రగా నిగనిగలాడేవి బుట్టలోకి వేయాలి. ఒకే బల్ల దగ్గర ఆమెకు అటు పిరోష్కా, ఇటు ఫ్లోరికా కూర్చుంటారు. పిరోష్కాది హంగేరియన్, ఫ్లోరికాది రొమేనియన్, జోఫియాది స్లోవాక్. ఘాటుకు కళ్ళు మండకుండా ముగ్గురూ ఒక ఆట మొదలుపెట్టారు. రోజుకొకరు తమ భాషలో తమకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇవ్వాలి. మిగతా ఇద్దరూ అర్థం తెలియకుండానే దాన్ని నేర్చుకోవాలి. అన్నాలప్పుడు అర్థం చెప్పాలి. పిరోష్కా నల్ల తలగుడ్డను ఉతికి ఉతికి తెల్లగా చేసుకున్న విధవ పాట ఇచ్చింది. ఫ్లోరికా చందమామను దొడ్లో కట్టేసి పాలు పిండే ముసలమ్మ పాట ఇచ్చింది. మేస్త్రీ వచ్చి "నోళ్ళు కాదమ్మా, చేతులు ఆడించండి" అంటే, "రెండూ ఆడతాయి మాకు. నీకే ఏదీ ఆడదు" అంది పిరోష్కా. గోదామంతా ఘొల్లుమంది.

మూడోరోజు జోఫియా వంతు. ఆమె గొంతు సవరించుకుని, తల పైకెత్తి పాడింది. తెల్లగుర్రం వచ్చింది. కిటికీల దగ్గర ఆడపిల్లలు వచ్చారు.

ఫ్లోరికా హాస్యమనుకుని నవ్వింది. పిరోష్కా నవ్వలేదు.

"ఇదేంటే జోఫ్కా! ఇది మీ ఆయన పాట, సెర్బియన్‌ది. ఏటా రేడియోలో వింటూనే ఉన్నాంగా. నీదేది?"

"నాదే..." అని ఆగిపోయింది జోఫియా.

నాది. ఉండేది. పదిహేడేళ్ళప్పుడు ఆమె చదివిన స్లోవాక్ బడికి రేడియోవాళ్ళు రికార్డు చేసే పెట్టె మోసుకుని వచ్చారు. పిల్లలందరి వెనకా నిలబడ్డ ఆమెను ముందుకు లాగి, ఒంటరిగా పాడమన్నారు. గడ్డి కోస్తున్న పిల్ల అలిసిపోయి, కోసిన గడ్డి మీదే పడుకుని నిద్రపోతుంది. ఎవరూ లేపకండి, పిట్టల్లారా, మెల్లగా అరవండి. అది మొదటి చరణం. రెండో చరణం? ఆమె మిరపకాయలు ఏరుతూ వెతికింది. ఇంటికి నడుస్తూ వెతికింది. బట్టలు పిండుతూ, బంగాళదుంపలు చెక్కు తీస్తూ వెతికింది. దొరకలేదు. తలలో ఏమున్నాయో చూసుకుంటే అన్నీ ఉన్నాయి. అత్తగారి మాత్రలు ఏది ముందో ఏది తర్వాతో ఉంది. స్వెతోజార్ నడిపే బస్సు ఏ వారం తెల్లవారుజామున నడుస్తుందో, ఏ వారం సాయంత్రమో ఉంది. వాళ్ళ పెళ్ళికి సాక్షిగా నిలబడ్డ స్తోయాన్‌కి సూప్‌లో ఏ ఆకు వేస్తే పడదో కూడా ఉంది. వాటి కోసం చోటు కావాలి కదా. అలమరలోంచి పాత గిన్నె తీసేసినట్టు ఆమె పాటను ఎప్పుడో తీసి బయట పెట్టేశారు. తీసినవాళ్ళకు కనీసం తీశామని కూడా తెలియదు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం, బడిలో పాడిన ఆ పాట రేడియోలో వచ్చింది. దొడ్లోంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చి "అది నేనే! నా గొంతే!" అని అరిచింది. "నిజమా? బాగానే ఉందే" అన్నాడు స్వెతోజార్. దేసంక లేచి రేడియో మర తిప్పి వాతావరణ వార్తలు పెట్టింది. "పెళ్ళయిన పిల్లవి. వీధిలో అందరి ఇళ్ళలో నీ గొంతు మోగితే ఏమనుకుంటారు? పైగా ఎవరికీ అర్థంకాని భాష." తర్వాత స్వెతోజార్ బుజ్జగించాడు. "అమ్మ మాటలు పట్టించుకోకు. ఇంట్లో పాడుకో, ఎవరొద్దన్నారు?" నిజమే, ఎవరూ వద్దనలేదు. "ఇప్పుడే బస్సు దిగి వచ్చాను, తల పగిలిపోతోంది" అన్నారు. "పాప పడుకుంది" అన్నారు. "పాలు పొంగుతున్నాయి చూడు, పాటలు తర్వాత" అన్నారు. వద్దని ఉంటే ఆమె పోట్లాడేది. ఎవరితో పోట్లాడాలో తెలియకుండా చేశారు. అదే ఆమెను ఇప్పుడు మండిస్తోంది. మిరప ఘాటు కళ్ళలో ఉన్నట్టు, ఎంత కడుక్కున్నా పోకుండా.

మర్నాడు గోదాము ఆఫీసులో గుమాస్తాను పిరోష్కా మాటల్లో పెట్టింది. జోఫియా రేడియోకి ఫోన్ చేసి గడ్డి కోసే పిల్ల పాట కావాలంది.

"ఎవరి కోసం పాట?" అన్నాడు అవతలి మనిషి.

"జోఫియా కోసం."

"పంపేది?"

"జోఫియా."

"ఓహో, ఇద్దరు జోఫియాలా? స్నేహితులా?"

"కాదు. ఒక్కతే."

"అమ్మా, తమకు తామే ఎవరూ వేయించుకోరు. భర్తగారి పేరు చెప్పండి, బాగుంటుంది."

"బాబూ, ఆ పాటలో ఉన్న గొంతు నాది" అంది జోఫియా. "నా పాట నాకు వేయడానికి ఆయన పేరెందుకు?"

ఆదివారం బల్ల దగ్గర స్వెతోజార్, దేసంక, స్తోయాన్ కూర్చున్నారు. జోఫియా కూతురు నెవెనాకు పదిహేనేళ్ళు. నలుగురిలో నోరు విప్పని పిల్ల. తల్లి వెనకే వంటగదికీ బల్లకీ తిరుగుతూ పళ్ళేలు అందిస్తోంది. దేసంక సూప్‌లోంచి పోగు పైకెత్తి చూసింది, ఈసారి ఏమీ దొరకలేదు. మాంసం అయింది, తీపి అయింది. అప్పుడు తెల్లగుర్రం వచ్చింది. కష్టజీవి అయిన మా జోఫియాకు. స్వెతోజార్ గ్లాసెత్తాడు. "మా ఆవిడ పాట!" అన్నాడు స్తోయాన్‌తో. జోఫియా గుమ్మం దగ్గరికి రాలేదు. రేడియో పక్కనే నిలబడి ఉంది.

"తర్వాతి పాట" అన్నాడు రేడియో ఆయన, "జోఫియాకు, జోఫియా నుంచి."

"ఎవరో పాపం, ఎవరూ లేనిదనుకుంటా" అన్నాడు స్తోయాన్.

పాట మొదలైంది. సన్నగా, కొంచెం తొందరగా, ఊపిరి చాలదేమోనని భయపడుతున్న గొంతు. అలా పాడుతున్న పదిహేడేళ్ళ పిల్ల మీద జోఫియాకు జాలేసింది. ఆ బడి గది, సుద్దముక్కల వాసన గుర్తొచ్చాయి. బల్ల దగ్గర ఎవరూ పోల్చుకోలేదు. పదహారేళ్ళు ఆమె చేత్తో తిన్నవాళ్ళు. దేసంక మాత్రం తల తిప్పింది. ఆమెకు గుర్తుంది. కుర్చీ వెనక్కి జరిపి, లేచి వచ్చి, మర మీదికి చెయ్యి చాచింది.

జోఫియా మర మీద తన అరచెయ్యి పెట్టింది.

"వద్దత్తయ్యా."

అంతే. దేసంక ఆ చేతిని చూసింది, ఆ చేతిగల మనిషిని చూసింది, వెనక్కి వెళ్ళి కూర్చుంది. అప్పుడు రెండో చరణం వచ్చింది. జోఫియా పెదవులు దానికన్నా ముందే కదిలాయి. ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది.

పాట అయ్యాక నెవెనా తల్లి దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగింది. "నువ్వేగా అమ్మా? ఏమని పాడావు?"

"పొలం కామందు వస్తాడు" అంది జోఫియా, అందరికీ వినబడేలా, అందరి భాషలో. "పడుకున్న పిల్లను చూసి, మరి గడ్డి ఎవరు కోస్తారు అని అరుస్తాడు. ఆ పిల్ల కళ్ళు తెరవదు. కొడవలి అక్కడే ఉంది, నువ్వే కోసుకో అంటుంది."

స్తోయాన్ నవ్వబోయి, స్వెతోజార్ ముఖం చూసి ఆపుకున్నాడు.

"ఇదంతా ఏంటి?" అన్నాడు స్వెతోజార్. "ఇంటికి మనిషొస్తే... సరేలే. పాటలయ్యాయిగా. కాఫీ ఇవ్వు."

జోఫియా కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. ఆ బల్ల ఎత్తు ఎంతో, దాని దగ్గర కూర్చుంటే కిటికీలోంచి రేగుచెట్టు కనబడుతుందనీ ఆమెకు అప్పుడే తెలిసింది. నెవెనా అలవాటుగా వంటగది వైపు రెండడుగులు వేసింది.

"కూర్చో నెవెనా" అంది జోఫియా. "నువ్వు కూడా."

పిల్ల తండ్రిని చూసింది, నానమ్మను చూసింది. తల్లి పక్కన కూర్చుంది.

"కాఫీ అడిగాను" అన్నాడు స్వెతోజార్.

"డబ్బా అక్కడే ఉంది."

"ఎక్కడ?"

జోఫియా కిటికీలోంచి రేగుచెట్టును చూస్తోంది. స్వెతోజార్ తల్లి వైపు చూశాడు. దేసంక ఖాళీ కప్పులోకి చూస్తోంది. ఆమె కూడా కోడలు వచ్చాక వంటగది అలమర తెరవలేదు. చివరికి అతను లేచి, వంటగదిలోకి వెళ్ళి, మొదట చేతికందిన తలుపు తెరిచాడు. అందులో పళ్ళేలున్నాయి.