జక్కయ్య తాగిన గిన్నె

కుష్ఠు నయమై జక్కయ్య రెండేళ్లకు మిషన్ ఆసుపత్రి నుంచి సుల్తానాబాద్ దగ్గరి తన ఊరికి తిరిగొచ్చాడు. ఇక రోగం అంటదని డాక్టరు కాగితం రాసిచ్చినా, ఊళ్లో ఎవరూ అతని పక్కన కూర్చోలేదు.

ఆ ఆదివారం చర్చిలో నెలకోసారి జరిగే ప్రభు భోజనం. అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షరసం తాగాలి. సంఘపెద్ద సమ్మయ్య జక్కయ్య భార్య మగ్దలేనమ్మ దగ్గరికి వచ్చాడు.

"నీ పెనిమిటిని జర బయట కూసోమను బిడ్డా. జనం పరేషాన్ అయితుండ్రు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "రెండేండ్లు గీ దినం కోసమే ప్రార్థన చేసిన మామా. ఆయనను బయట కూసోవెట్ట."

తలవంచుకుని బయటికి పోబోతున్న భర్త చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు పాస్టరు దగ్గరికి నడిపించింది. పాస్టరు గిన్నె అందించాడు. జక్కయ్య తాగాడు. వెనక ఎవరూ కదల్లేదు. మగ్దలేనమ్మ మోకరించి, అతని పెదవులు తాకిన చోటే తాగింది.

అప్పుడు ముసలి సారమ్మ కర్ర ఊతంతో లేచింది. "జరుగుండ్రి, నేను పోత." ఆమె వెనక నలుగురు వచ్చారు. సమ్మయ్య, మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

మగ్దలేనమ్మకు వాళ్లమీద కోపం రాలేదు. భర్తతో మెల్లగా అంది:

"వచ్చే నెల గూడ మనమే ముందుగాల పోదాం."